సైకాలజీ పీజీ చదవడం ఎలా: మొదటి వారం నుంచి థీసిస్ దాకా

పీజీలో నా మొదటి సెమినార్, మనిషి అవసరాల సిద్ధాంతం చెప్పిన మనస్తత్వవేత్త మాస్లో మీద. డిగ్రీలో బట్టీ పట్టిన ఐదు మెట్ల పిరమిడ్‌ను రంగుల్లో స్లైడ్ మీద వేసి గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. అంతా అయ్యాక మేడం ఒక్కటే అడిగారు: "ఈ బొమ్మ మాస్లో ఎక్కడ గీశాడు?" నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి ఆయన 1943లో రాసిన వ్యాసం తీసి చదివితే అందులో పిరమిడే లేదు. అవసరాలున్నాయి, వాటి వరస ఉంది, ఒకటి నూటికి నూరు శాతం తీరితేనే తర్వాతిది మొదలవుతుందని అనుకోవద్దన్న హెచ్చరిక కూడా ఉంది. త్రిభుజం బొమ్మ తర్వాత వేరేవాళ్లు గీసింది.

డిగ్రీలో ఎవరు ఏం చెప్పారో తెలిస్తే మార్కులు పడతాయి. పీజీలో అడిగేది అది ఎలా తేలిందని. డిగ్రీలో ఫస్ట్ వచ్చినవాళ్లు కూడా పీజీ మొదటి సెమిస్టర్‌లో తడబడేది ఇక్కడే. తెలివి తక్కువై కాదు, పాత అలవాటుతో చదవడం వల్ల. ఆ అలవాటు మార్చుకోవడానికి నాకు పనికొచ్చిన పద్ధతులన్నీ వరసగా చెబుతాను.

1. స్పెషలైజేషన్ ఎంచుకునే ముందు

క్లినికల్, కౌన్సెలింగ్, కాగ్నిటివ్, సోషల్, డెవలప్‌మెంటల్, ఆర్గనైజేషనల్. పేర్లు చూసి ఎంచుకోకండి. ఆ పని చేసేవాళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారో కనుక్కోండి. కాగ్నిటివ్ అంటే చాలావరకు కంప్యూటర్ ముందు కూర్చుని ప్రయోగం ప్రోగ్రామ్ చేయడం, డేటా శుభ్రం చేయడం. క్లినికల్ అంటే మనుషులతో మాట్లాడటం ఒక్కటే కాదు, రిపోర్టులు రాయడం, పరీక్షలకు స్కోర్లు వేయడం కూడా. ఆర్గనైజేషనల్‌లో సగం పని ప్రశ్నావళులతోనే.

క్లినికల్ వైపు వెళ్లాలనుకుంటే ఇంకో జాగ్రత్త కావాలి. సైకాలజీలో పీజీ ఉన్నంత మాత్రాన చికిత్స చేసే అర్హత వచ్చేసినట్టు కాదు. చాలా దేశాల్లో దానికి లైసెన్సో రిజిస్ట్రేషనో ఉంటుంది. సూపర్‌విజన్ కింద ఇన్ని గంటలు పనిచేసి ఉండాలన్న షరతూ ఉంటుంది. మీరు చేరబోయే కోర్సు ఆ దారిలో లెక్కకు వస్తుందో లేదో ఫీజు కట్టకముందే రాతపూర్వకంగా అడగండి. చేరాక తెలిస్తే రెండేళ్లు పోయినట్టే.

2. మొదటి వారం: సిలబస్ అంతా ఒకే కాగితం మీద

పేపర్లన్నీ మూడు గుంపులుగా విడగొట్టుకోండి: సిద్ధాంతం, మెథడ్స్ (పరిశోధన పద్ధతులు), ప్రాక్టికల్స్. సిద్ధాంతం పేపర్లు సెమిస్టర్ చివర్లో గట్టిగా కూర్చున్నా ఎక్కుతాయి. మెథడ్స్, స్టాటిస్టిక్స్ అలా ఎక్కవు. ఒక వారం వదిలేస్తే తర్వాతి వారం క్లాసు అర్థం కాదు. అందుకే బుర్ర తాజాగా ఉండే వేళను వాటికే కేటాయించండి. అసైన్‌మెంట్లు, ల్యాబ్ రికార్డులు, సెమినార్ల గడువులన్నీ అదే కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఏ రెండు వారాల్లో అన్నీ ఒకేసారి మీద పడతాయో మొదటి రోజే కనిపిస్తుంది.

3. రీసెర్చ్ పేపర్ చదవడం

పీజీలో సగం బరువు ఇక్కడే ఉంటుంది. కథ చదివినట్టు మొదటి లైను నుంచి చివరి లైను దాకా చదివితే నాలుగో పేజీకి నిద్ర వస్తుంది. నేను చదివే వరస ఇది: ముందు సారాంశం, తర్వాత పరిచయంలో చివరి పేరా (పరికల్పనలు, అంటే పరీక్షించబోయే ఊహలు, సాధారణంగా అక్కడే ఉంటాయి), ఆ వెంటనే మెథడ్. దాని తర్వాత పట్టికలు, గ్రాఫులు చూసి, రచయిత ఏమన్నారో చదవకముందే ఫలితం ఏమిటో నా మాటల్లో రెండు వాక్యాలు రాసుకుంటాను. అప్పుడు డిస్కషన్ తెరుస్తాను. నా రెండు వాక్యాలకూ రచయిత ముగింపుకూ తేడా ఉంటే పొరపాటు నాదైనా అయ్యుండాలి, రచయిత కాస్త ఎక్కువ చెప్పి అయినా ఉండాలి. రెండూ జరుగుతుంటాయి.

ఉదాహరణకు స్ట్రూప్ 1935 పేపర్ తీసుకుందాం. క్లాసులో అందరికీ తెలిసిన మాట: రంగు పేరు ఒకటీ సిరా రంగు ఇంకొకటీ అయితే తికమక పడతాం. మెథడ్‌లోకి వెళ్తే అక్కడ వేర్వేరు ప్రయోగాలు కనిపిస్తాయి. మొదటిదాంట్లో సిరా రంగును పట్టించుకోకుండా పదాన్ని చదవాలి. నల్ల సిరాలో ఉన్న వంద పదాలతో పోలిస్తే, రంగు సిరాలో ఉన్నవాటికి సగటున 2.3 సెకన్లు మాత్రమే ఎక్కువ పట్టింది. రెండోదాంట్లో పదాన్ని వదిలేసి సిరా రంగు చెప్పాలి. ఉత్త రంగు చతురస్రాలకు 63.3 సెకన్లు పడితే, వేరే రంగు పేర్లు ఉన్న పదాలకు 110.3 సెకన్లు పట్టింది. అంటే ఆటంకం రెండు వైపులా సమానంగా లేదు. చదవడం రంగు చెప్పడాన్ని గట్టిగా అడ్డుకుంటోంది గానీ, రంగు చదవడాన్ని అంతగా అడ్డుకోవడం లేదు. అసలు విశేషం ఆ అసమానతలో ఉంది. పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంగా కుదించేసరికి అది కాస్తా జారిపోయింది.

ఇదే ప్రయోగాన్ని ల్యాబ్‌లో తెలుగు పదాలతో చేద్దామనుకుని చూడండి, మెథడ్ అంటే ఏమిటో ఇంకా బాగా తెలుస్తుంది. "ఎరుపు" మూడక్షరాలు, "నీలం" రెండు, "ఆకుపచ్చ" నాలుగు. పలకడానికి పట్టే సమయమే వేరు. పైగా "పచ్చ" అని జవాబిస్తే అది ఆకుపచ్చా, పసుపుపచ్చా? మా బ్యాచ్‌లో ఒకమ్మాయి రెండింటికీ "పచ్చ" అనే అంది. అది తప్పు కింద వేయాలా ఒప్పు కింద వేయాలా అని అరగంట వాదించుకున్నాం. ఆ నిర్ణయం డేటా తీసుకోకముందే రాసి పెట్టుకోవాలని అప్పుడు తెలిసింది. అందరికీ తేలిక కార్డు (ఉత్త రంగు చతురస్రాలది) ముందు ఇచ్చి కష్టమైనది (వేరే రంగు పేర్లది) తర్వాత ఇస్తే, తేడా అలసట వల్ల వచ్చిందో ఆటంకం వల్ల వచ్చిందో చెప్పలేం. అందుకని సగం మందికి వరస తిరగేయాలి.

నోట్సు పేరాలుగా కాకుండా పట్టికగా పెట్టుకోండి. ఒక్కో పేపర్‌కు ఒక్కో అడ్డవరస. ప్రశ్న ఏమిటి, ఎంతమంది, ఎవరు, ఏం కొలిచారు, ఎలా కొలిచారు, ఎంత తేడా వచ్చింది, నాకున్న అనుమానం ఏమిటి. ఆఖరి గడి ఖాళీగా ఉంటే ఆ పేపర్ మీరింకా చదవనట్టే లెక్క. ముప్పై పేపర్లయ్యాక ఆ గడినే నిలువుగా చదువుకుంటూ వెళ్తే థీసిస్ ప్రశ్న చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

4. స్టాటిస్టిక్స్: ఒక్కసారైనా చేత్తో

"లెక్కలు తప్పించుకుందామనే సైకాలజీ తీసుకున్నాను" అనేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. నేనూ వాళ్లలో ఒకణ్ని. జమోవి, జాస్ప్ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితం. ఎస్‌పీఎస్‌ఎస్ చాలా డిపార్ట్‌మెంట్లలో ఉంటుంది. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడం కష్టమే గానీ చాలాకాలం పనికొస్తుంది. వీటిలో ఏది వాడినా, బటన్ నొక్కేముందు ప్రతి పరీక్షనూ ఒక్కసారి చేత్తో వేయండి. ఐదుగురి డేటా చాలు.

ఐదుగురు తేలిక కార్డూ కష్టమైన కార్డూ రెండూ చేశారనుకోండి. ఒక్కొక్కరికి అదనంగా పట్టిన సెకన్లు 10, 14, 8, 12, 6. సగటు 10. సగటు నుంచి ఎంతెంత దూరం: 0, 4, మైనస్ 2, 2, మైనస్ 4. వాటి వర్గాలు 0, 16, 4, 4, 16. మొత్తం 40. దాన్ని 4తో (ఐదుగురిలో ఒకటి తీసేసి) భాగిస్తే 10. వర్గమూలం 3.16, అదే స్టాండర్డ్ డీవియేషన్. దాన్ని ఐదు వర్గమూలంతో భాగిస్తే స్టాండర్డ్ ఎర్రర్ 1.41. సగటును దానితో భాగిస్తే టీ విలువ 7.07. నాలుగు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కు (ఇందాక ఐదుగురిలో ఒకటి తీసేస్తే వచ్చిన నాలుగే), 5 శాతం స్థాయిలో, పట్టికలో ఉన్న హద్దు 2.776. మనది దాన్ని ఎప్పుడో దాటేసింది. ఇలా హద్దు దాటినదాన్నే "సిగ్నిఫికెంట్" అంటారు.

పావుగంట పని. కానీ ఇది చేశాక టీ విలువ అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు: కనిపించిన తేడా, దాని ఊగిసలాటకు ఎన్ని రెట్లు ఉందన్నది. మనుషులు ఎక్కువైతే ఊగిసలాట తగ్గుతుంది కాబట్టి చిన్న తేడా కూడా "సిగ్నిఫికెంట్" అవుతుంది. వైవాల్లో ఎక్కువ మంది దొరికిపోయేది ఈ ముక్క దగ్గరే.

పి విలువ గురించి ఒక మాట. 0.03 వచ్చిందంటే "నా పరికల్పన నిజమయ్యే అవకాశం 97 శాతం" అని కాదు. నిజానికి ఏ తేడా లేదనుకుంటే, ఇంత తేడా లేదా ఇంతకు మించిన తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం 3 శాతం అని మాత్రమే. తేడా పెద్దదా చిన్నదా అన్నది అది చెప్పదు. దానికి ఎఫెక్ట్ సైజ్ చూడాలి, అంటే తేడా ఎన్ని స్టాండర్డ్ డీవియేషన్లంత ఉందో. గణాంకాల మీద పనిచేసిన మనస్తత్వవేత్త కోహెన్ ఇచ్చిన కొలబద్ద అందరికీ తెలుసు: 0.2 చిన్నది, 0.5 మధ్యస్థం, 0.8 పెద్దది. ఆ అంకెలను గుడ్డిగా వాడొద్దని, మీ రంగంలో అంతకంటే మంచి ఆధారం లేనప్పుడే వాడమని చెప్పింది కూడా కోహెనే.

ఎంతమందిని తీసుకోవాలన్నది కూడా ఇక్కడే తేలుతుంది. రెండు వేర్వేరు గుంపుల మధ్య 0.5 ఎఫెక్ట్ సైజ్ ఉన్న తేడాను 80 శాతం పవర్‌తో (నిజంగా ఉన్న తేడా దొరికే అవకాశం 80 శాతం ఉండేలా) పట్టుకోవాలంటే గుంపుకు 64 మంది కావాలి. 0.2 అయితే గుంపుకు దాదాపు 394 మంది. "గుంపుకు ముప్పై సరిపోతుంది సార్" అనే ముందు ఈ రెండు అంకెలూ గుర్తు తెచ్చుకోండి.

ఏ పరీక్షకైనా ముందు గ్రాఫ్ గీయండి. 1973లో గణాంకవేత్త ఆన్‌స్కోంబ్ నాలుగు డేటా సెట్లు తయారుచేశాడు. నాలుగింటికీ సగటు ఒకటే, సహసంబంధం (కోరిలేషన్) ఒకటే, దాదాపు 0.82. గీసి చూస్తే ఒకటి సరళరేఖ చుట్టూ చెదిరిన చుక్కలు, ఒకటి వంపు, మిగతా రెండూ ఒక్క తిక్క చుక్క వల్ల తయారైన మాయ.

5. ప్రశ్నావళులు, స్కేళ్లు

సైకోమెట్రీ (మనసుకు సంబంధించినవాటిని కొలిచే పద్ధతులు) పేపర్ చప్పగా ఉంటుందని అందరూ దాటేస్తారు. థీసిస్ దగ్గర చేతులు కాలేది అక్కడే. నా సంగతే చెబుతాను. పది ప్రశ్నల స్కేల్‌కు క్రాన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో చెప్పే అంకె) వేస్తే మైనస్‌లో వచ్చింది. రెండు రోజులు తిండి సహించలేదు. తీరా చూస్తే నాలుగు ప్రశ్నలు తిరగేసి అడిగినవి. "నేను ప్రశాంతంగా ఉంటాను" అన్నదానికి 5 వేస్తే ఆందోళన స్కోర్‌లో అది 1 కావాలి. నేను తిప్పలేదు. స్కేల్ చేతికి రాగానే ఏ ప్రశ్నలు తిరగేయాలో ఎర్ర పెన్నుతో గీత పెట్టుకోండి.

ఆల్ఫా 0.9 వచ్చిందని మురిసిపోవద్దు. ఒకే ప్రశ్నను పది రకాలుగా అడిగినా అంత వస్తుంది. స్కేల్ నిలకడగా కొలుస్తోందా అన్నది ఒక ప్రశ్న, కొలవాల్సినదాన్నే కొలుస్తోందా అన్నది వేరే ప్రశ్న. రెండోదానికి ఆల్ఫా దగ్గర జవాబు లేదు.

ఇంగ్లిష్ స్కేల్‌ను తెలుగు చేసి వాడాలంటే ముందు దాని రచయిత అనుమతి తీసుకోండి. తర్వాత ఒకరు తెలుగు చేయాలి, అసలు ప్రతి చూడని ఇంకొకరు దాన్ని మళ్లీ ఇంగ్లిష్‌లోకి తిప్పాలి, రెండు ఇంగ్లిష్‌లనూ పక్కపక్కన పెట్టి చూడాలి. "ఐ ఫీల్ బ్లూ" (దిగులుగా ఉందని అర్థం) అన్నది మొదటిసారి ఎలా తిరిగి వస్తుందో చూస్తే నవ్వు ఆగదు. అయ్యాక పదిమంది చేత పైకి చదివించి, ఏం అర్థమైందో అడగండి.

6. ఎథిక్స్ అనుమతి డేటాకంటే ముందు

మిల్‌గ్రామ్ 1963 ప్రయోగంలో, తప్పు జవాబు చెప్పిన మనిషికి కరెంటు షాక్ ఇవ్వమని ఆదేశిస్తే, 40 మందిలో 26 మంది చివరి 450 వోల్టుల మీట దాకా నొక్కారు. షాక్ ఉత్తుత్తిదే. కానీ ఎదుటి మనిషిని బాధపెడుతున్నామన్న వాళ్ల టెన్షన్ ఉత్తుత్తిది కాదు. అలాంటి ప్రయోగాల మీద రేగిన చర్చే ఇప్పుడు మనం నింపే ఫారాలకు ఒక మూలం. మనుషుల మీద చేసే పరిశోధనల గురించి అమెరికాలో 1979లో వచ్చిన బెల్మాంట్ నివేదిక మూడు సూత్రాలు చెప్పింది: మనిషి పట్ల గౌరవం, మేలు చేయడం, న్యాయం.

పనిలోకి వస్తే ఇవి చిన్నచిన్న విషయాలే. ఏం చేయబోతున్నామో ముందే చెప్పి సంతకం తీసుకోవడం. మధ్యలో లేచి వెళ్లిపోవచ్చని చెప్పడం, నిజంగా లేచి వెళ్తే మొహం మాడ్చుకోకపోవడం. పేర్ల బదులు నంబర్లు వాడటం, పేర్లూ నంబర్లూ ఉన్న జాబితాను డేటాతో పాటు ఒకేచోట పెట్టకపోవడం. ప్రయోగం కోసం ఏదైనా దాచి ఉంటే అయిపోయాక విప్పి చెప్పడం. డిప్రెషన్ స్కేల్‌లో ఆత్మహత్య గురించి ప్రశ్న ఉంటే, ఎవరైనా "అవును" అని పెట్టినప్పుడు మీరు ఆ గంటలో ఏం చేస్తారో ముందే రాసి ఉండాలి. కమిటీ అడగకపోయినా రాయండి.

అనుమతికి వారాలు పడుతుంది, సవరణలు అడుగుతారు. అనుమతికి ముందు తీసుకున్న డేటా ఎంత బాగున్నా థీసిస్‌లో వాడటానికి కుదరదు.

7. తేలని ఫలితాలతో కాపురం

2015లో ఒక పెద్ద బృందం సైకాలజీ పత్రికల్లో వచ్చిన 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూసింది. అసలు వాటిలో 97 శాతం సిగ్నిఫికెంట్. మళ్లీ చేస్తే 36 శాతమే అలా వచ్చాయి. ఇందులో మోసం కన్నా అలవాటు పాత్రే ఎక్కువని నా అభిప్రాయం. డేటా వచ్చాక ఇంకో పదిమందిని కలపడం, రెండు కొలతల్లో బాగా వచ్చిందే రాయడం, ప్రయోగంలో ఒక కండిషన్‌ను వదిలేయడం, ఇంకో చరాన్ని (వేరియబుల్‌ను) లెక్కలోకి తేవడం. 2011లో సిమన్స్, నెల్సన్, సైమన్‌సన్ లెక్కగట్టి చూపించారు: ఇలాంటి వెసులుబాట్లు నాలుగూ కలిస్తే, లేని తేడా ఉన్నట్టు తేలే అవకాశం 5 శాతం నుంచి 60 శాతం దాటుతుంది.

కాబట్టి డేటా తీసుకునే ముందు పరికల్పన, ఎంతమంది, ఎవరిని తీసేస్తారు, ఏ పరీక్ష వేస్తారు అన్నవి ఒక పేజీలో రాసి, తేదీ వేసి, గైడ్‌కు మెయిల్ చేయండి. ఓఎస్‌ఎఫ్ (ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్) వెబ్‌సైట్ లాంటి చోట నమోదు చేస్తే ఇంకా మంచిది. తర్వాత ఏదైనా మారిస్తే మార్చామని రాయండి. దాచిపెట్టినప్పుడే చిక్కు.

8. పరీక్షలకు చదవడం

మనసు గురించి చదివేవాళ్లు కూడా పుస్తకంలో పసుపు గీతలు గీస్తూ కూర్చోవడం చూస్తే నాకు నవ్వొస్తుంది. 2006లో రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగంలో ఒక పాఠాన్ని రెండోసారి చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత ముందున్నారు. వారం తర్వాత లెక్క తిరగబడింది: మళ్లీ చదివినవాళ్లకు 42 శాతం గుర్తుంటే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకు 56 శాతం. పుస్తకం మూయండి, తెల్లకాగితం మీద రాయండి, తర్వాత తెరిచి చూడండి. రాయలేక ఆగిపోయిన చోటే మళ్లీ చదవండి.

9. ప్రాక్టికమ్

ప్రాక్టికమ్ అంటే సూపర్‌వైజర్ కింద నిజమైన మనుషులతో చేసే శిక్షణ. కేస్ నోట్సులో చూసింది వేరు, ఊహించింది వేరు. "డిప్రెషన్‌లో ఉన్నాడు" అని కాకుండా "ఇరవై నిమిషాల్లో నాలుగుసార్లు కళ్లు తుడుచుకున్నాడు, నిద్ర మూడు గంటలేనన్నాడు" అని రాయండి. సూపర్‌వైజర్ దగ్గరికి బాగా జరిగిన సెషన్‌తో కాదు, మీకు చెమటలు పట్టించిన సెషన్‌తో వెళ్లండి. హాస్టల్‌లో రూమ్మేట్లకు రోగాలు అంటగట్టే సరదా మొదటి సెమిస్టర్‌తో ఆపేయండి.

10. థీసిస్

"సోషల్ మీడియా, మానసిక ఆరోగ్యం" అన్నది ప్రశ్న కాదు, విషయం. ఎవరిలో, ఏది, దేన్ని, ఎలా కొలిస్తే అన్నవి నాలుగూ చెప్పగలిగినప్పుడు అది ప్రశ్న అవుతుంది. "మొదటి ఏడాది డిగ్రీ విద్యార్థుల్లో, పడుకునే ముందు గంటలో ఫోన్ వాడిన నిమిషాలకూ మర్నాటి నిద్రమత్తు స్కోర్‌కూ సంబంధం ఉందా?" ఇది చేయదగ్గది. దీంతో కూడా ఫోన్ వల్లే నిద్ర చెడిందని చెప్పలేం. నిద్ర పట్టకే ఫోన్ పట్టుకున్నారేమో.

సమర్పించే తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. గైడ్ చదవడానికి పట్టే సమయం, ఎథిక్స్, అయిదారుగురితో పైలట్. పైలట్ వదిలేయకండి. మా గ్రూప్‌లో ఒకరి ఆన్‌లైన్ ఫారంలో వయసు గడి నింపితే తర్వాతి పేజీ తెరుచుకునేది కాదు. నలుగురు చెబితేనే తెలిసింది. గైడ్ దగ్గరికి "ఏం చేయమంటారు" అని వెళ్లకండి. రెండు దారులు రాసుకెళ్లి, ఏది మంచిదనిపిస్తోందో, ఎందుకో చెప్పండి. పది నిమిషాల్లో పని అవుతుంది.

రాసేటప్పుడు మెథడ్‌తో మొదలుపెట్టండి. చేసిందే కాబట్టి తేలిగ్గా సాగుతుంది, భయం పోతుంది. తర్వాత ఫలితాలు, ఆపైన పరిచయం, డిస్కషన్, చివర్లో సారాంశం. పరిమితుల విభాగంలో "శాంపిల్ చిన్నది" అని మొక్కుబడిగా రాసి ఊరుకోవద్దు. చిన్నదైతే ఏమైంది? ఏ ముగింపు బలహీనపడింది? ఎటువైపు? ఆ మూడూ రాయండి. వైవాలో "మళ్లీ చేస్తే ఏం మారుస్తారు?" అని దాదాపు ఖాయంగా అడుగుతారు. నన్నడిగితే, తిరగేసిన నాలుగు ప్రశ్నల సంగతి చెప్పాను. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ నవ్వి, తన పీహెచ్‌డీలో ఆరు తిప్పలేదన్నారు.